భద్రతా వీక్షణం: మేఘాన్ని చూడడం వేరు, వెనుకకు మరలడం వేరు

వేసవిలో ఢిల్లీ పరిసరాలలో నివసించేవారికి ‘ఆంధీ’ కొత్త కాదు. పగలంతా కాలిన నేలపై సాయంకాలానికి ఉరుము మేఘం పెరుగుతుంది. దాని నుండి దిగే చల్లని గాలి నేలను తాకి, ధూళిని లేపుకొంటూ కొద్ది నిమిషాలలో నగరాన్ని కమ్ముతుంది. నేలపై ఉన్న మనం కిటికీలు మూసుకొంటే చాలు. చిన్న విమానంలో ఉన్నవారికి మాత్రం అది ప్రాణసంకటం. ఈ మాసం ఆ విషయాన్ని పరిశీలించదలచాము.

2011 మే 25వ తేదీ రాత్రి, పాట్నా నుండి ఒక రోగిని ఢిల్లీకి తీసుకువస్తున్న పిలాటస్ పీసీ-12 అనే ఒంటి ఇంజను విమానం ఫరీదాబాదులోని పర్వతీయ కాలనీ ఇళ్లపై కూలింది. విమానంలోని ఏడుగురు, నేలపై ముగ్గురు మరణించారు. ప్రతికూల వాతావరణంలో ప్రవేశించామని పైలట్లు ఢిల్లీ నియంత్రణ కేంద్రానికి తెలిపిన సమయంలో విమానం సుమారు 12,500 అడుగుల ఎత్తున ఉన్నది. అక్కడి నుండి అది 14,600 అడుగుల వరకు లేచి, వేగం కోల్పోయి, ఒకటిన్నర నిమిషంలోపే నేలకు చేరువైంది. బాహ్య వాతావరణం, నియంత్రణలను వాడడంలో లోపం, దిశాభ్రాంతి అనే మూడింటిలో ఏదో ఒకటి గాని, అన్నీ కలిసి గాని కారణమై ఉండవచ్చునని విచారణ నివేదిక పేర్కొన్నది.

పైలట్‌కు లభించే వాతావరణ సమాచారం తక్కువేమీ కాదు. అయితే ప్రతిదానికీ ఒక హద్దు ఉన్నది. విమానాశ్రయ పరిశీలన అరగంటకొకసారి వెలువడుతుంది. ఆ అరగంటలోనే ఉరుము మేఘం పూర్తిగా ఎదగగలదు. విమానంలోని రాడార్ వాన చినుకులను చూపుతుందే గాని గాలి ఉద్ధృతిని నేరుగా చూపదు. పైగా దట్టమైన వాన తరంగాలను పీల్చివేయడం వలన దాని వెనుక నున్న మరొక మేఘం తెరపై కనబడకపోవచ్చు. అందువలననే తీవ్రమైన ఉరుము మేఘానికి కనీసం 20 నాటికల్ మైళ్లు, అనగా సుమారు 37 కిలోమీటర్లు, ఎడంగా ఉండాలని విమానయాన నిపుణులు చెబుతారు.

సమాచారం అందిన తరువాత కూడా నిర్ణయం మిగిలే ఉంటుంది. గమ్యం చేరువైన కొలదీ వెనుకకు మరలడం కష్టమవుతుంది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి సహా ఐదుగురు మరణించిన నల్లమల హెలికాప్టర్ ప్రమాదం తెలుగువారు మరువలేనిది. ప్రతికూల వాతావరణం ఎదురై ఉండగా, పైలట్లు గేర్‌బాక్స్ చమురు పీడనానికి సంబంధించిన సమస్యపై ఆరు నిమిషాలకు పైగా దృష్టి నిలిపారని విచారణలో తేలింది. చేతిలో మరొక పని పడినపుడు మేఘాన్ని గురించి ఆలోచించే తీరిక ఉండదు.

కావున ఆ ఆలోచన నేలపైననే జరగాలి. ఎంత గాలి, ఎంత దృశ్యత వరకు ముందుకు పోవాలి, ఏ స్థానం దాటకముందే మరలాలి, జైపూరుకా లక్నోకా, అందుకు ఇంధనమెంత అన్నవి బయలుదేరే ముందే వ్రాసుకొనవలెను. ఇద్దరు పైలట్లలో ఏ ఒక్కరు ‘మరలుదాం’ అన్నా అదే తుది మాట కావాలి. కొన్ని దేశాల వైమానిక అంబులెన్సు సేవలలో, ప్రయాణానికి అంగీకరించేవరకు రోగి పరిస్థితిని పైలట్‌కు తెలియనివ్వరు. జాలి వాతావరణ నివేదికను మార్చలేదు గదా!

మన సంస్థలలోను కొందరు అధికారులు అద్దె విమానాలలో, హెలికాప్టర్లలో ప్రయాణిస్తుంటారు. ‘సమావేశానికి వేళవుతోంది, ఎలాగైనా వెళ్లలేమా?’ అని అడిగే ప్రతి ప్రయాణికుడూ పైలట్ నిర్ణయంపై తన బరువును మోపుతున్నాడు. ‘ఈ రోజు వెళ్లలేము’ అని పైలట్ చెప్పినపుడు కారణం అడగక కృతజ్ఞత తెలపడం మన విధి అని మా అభిప్రాయం.