తోకకప్ప కన్నును, మనుష్యుని రక్తనాళమును

శరీరశాస్త్రమును బోధించు పుస్తకములలో రక్తప్రసరణమునకు ఒక ప్రకరణమును, జ్ఞానతంతువులకు వేరొక ప్రకరణమును కేటాయించుట చిరకాలముగా వచ్చుచున్న యాచారము. విద్యార్థి మొదటిదానిని వల్లించి పరీక్ష వ్రాసిన పిమ్మట రెండవదానికి బోవును. అప్పటికి మొదటిది మఱపున బడియుండును. ఈ విభాగము బోధనా సౌకర్యమునకై మనము కల్పించుకొన్నదే గాని శరీరమెఱిగినది కాదని మా యభిప్రాయము. ఈ యభిప్రాయమును బలపఱచుటకు ఒకానొక మాంసకృత్తు చరిత్రమును మా చదువరుల యెదుట నుంచుచున్నాము. దాని పేరు న్యూరోపిలిను. తలిదండ్రులలో ననేకులు ఈ పేరు వినియుండరు. విననందువలన వారికి లోపమేమియు లేదు. కాని దాని కథ, వారు తమ బిడ్డలను తఱచుగా నడుగు ప్రశ్న యొకదానికి, అనగా “ఈ చదువు దేనికి పనికివచ్చును?” అను ప్రశ్నకు, దగ్గఱ సంబంధము గలది.

మొదట కంటికి గనబడు విషయమును జెప్పుదము. మన దండచేతిలో కండల నడుమ ధమనియు, దాని నానుకొని సిరలును, వాని ప్రక్కనే జ్ఞానతంతువును ఒకే మార్గమున సాగిపోవును. ఇది కాకతాళీయము కాదు. 2002వ సంవత్సరమున అమెరికా దేశపు పరిశోధకులు సుండెలుకల పిండముల చర్మమును పరీక్షించి, అందు తంతువులు ముందు దారి తీయగా ధమనులు వానిని వెంబడించి యేర్పడుచున్నవని చూపిరి. తంతువులు దారితప్పిన పిండములలో ధమనులును వానితోడనే దారి మార్చుకొనెనట. పెరుగుచున్న తంతువు కొనయందు వ్రేళ్ల వలె చాచుకొని దారి వెదకు భాగ మొకటి గలదని స్పెయిను దేశస్థుడైన రామోన్ యి కాహాల్ పండితుడు 1890లో కోడిపిండమున గనిపెట్టెను. క్రొత్తగా మొలచు కేశనాళిక కొనయందును అట్టి వ్రేళ్లే గల కణ ముండునని తరువాత తెలియవచ్చినది. ఈ రెండు కొనలును పరిసరములను తడవి చూచుకొనుచు, రమ్మన్న వైపునకు సాగుచు, పొమ్మన్న వైపునుండి ముడుచుకొనుచు పోవును. మరి ఈ రమ్మనుటను, పొమ్మనుటను అవి యేలాగు వినును?

ఈ ప్రశ్నకు జవాబులో నొకపాలు జపానుదేశమున, తోకకప్పల కన్నులను గూర్చి యాలోచించుచుండిన వారివలన లభించినది. నగోయా విశ్వవిద్యాలయమున ఫుజిసావా గారును వారి సహచరులును, కప్పపిల్ల కంటినుండి బయలుదేరిన తంతువులు మెదడులో తమ తావునే యేలాగు చేరుకొనుచున్నవో తెలిసికొనగోరిరి. మెదడులో దృష్టికి సంబంధించిన పొరల కంటుకొను ప్రతిదేహములను తయారుచేసి, వానిలో నొకదాని మూలమున 1987లో ఒక మాంసకృత్తును గుర్తించిరి. దానికి ఏ-5 అని పేరిడిరి. ఇంతకంటె నిరాడంబరమైన పేరు దొరకుట కష్టము. 1991లో దాని నిర్మాణమును పూర్తిగా జదివి చూడగా, అందు కొన్ని భాగములు రక్తమును గడ్డకట్టించు అయిదవ, యెనిమిదవ అంశములను పోలియుండెను. ఈ పోలికను జూచి రక్తనాళములతో దీనికి బని యుండునని యప్పుడే చెప్పినవాడు శాస్త్రజ్ఞుడు గాక జ్యోతిష్కు డగును. పోలిక వేఱు, పని వేఱు. పిమ్మట తంతువు లల్లుకొనియుండు పొరలలో నుండునది గావున దీనిని న్యూరోపిలిను అనిరి.

ఇంతలో అమెరికాలో వేఱొక వంక, 1993లో, కోడి మెదడునుండి ఒక పదార్థమును దీసిరి. అది సోకినంతనే పెరుగుచున్న తంతువు కొన అత్తిపత్తి యాకు వలె ముడుచుకొనిపోవును. నేడు దానిని సెమఫోరిన్ 3ఏ అందురు. ఈ పొమ్మను మాటను వినునది న్యూరోపిలినే యని 1997లో రెండు ప్రయోగశాలలవారు ఒకేసారి ప్రకటించిరి.

కథ యింతటితో ముగిసినచో ఇది తంతువుల ప్రకరణమునకే చెందియుండెడిది. అయితే బోస్టను నగరములోని పిల్లల వైద్యశాలలో క్లాగ్స్‌బ్రన్ గారి ప్రయోగశాలవారు తంతువులను గూర్చి గాక, రాచపుండు కణములను గూర్చి పరిశోధించుచుండిరి. రక్తనాళములను మొలిపించు సందేశపదార్థ మొకటి గలదు, దానిని వీ.ఈ.జి.ఎఫ్. అని పిలుతురు. ఆ పదార్థమునకు అప్పటికి దెలిసిన గ్రాహకములు లేని కణములు సైతము దానిని బట్టుకొనుచుండుట వారికి వింతగా దోచెను. ఆ పట్టుకొనుచున్నదేదియో వెలికిదీసి, దాని నిర్మాణమును 1998లో జదివి చూడగా, అది క్రొత్తది గాదు, జపానువారి ఏ-5 యే. ఒకే గ్రాహకము తంతువునకు పొమ్మను మాటను, రక్తనాళమునకు రమ్మను మాటను వినిపించుచున్నదన్నమాట. రెండు ప్రకరణములను వేఱుచేయు గోడలో ప్రకృతి మొదటినుండియు ఒక ద్వారమును తెఱచియే యుంచినది.

మనుష్యుని న్యూరోపిలిను 923 అమైనో ఆమ్లముల గొలుసు. అందు అధికభాగము కణమునకు వెలుపల నుండును. పొరను దాటి లోనికి వచ్చు తోక మిక్కిలి పొట్టిది. ఆ తోకకు స్వయముగా ఆజ్ఞ నడపించు శక్తి లేదు. కావున ఇది యజమానుడు గాడు, గుమ్మమునొద్ద నిలిచి వచ్చినవారి చేయిపట్టి లోపలివారికి అప్పగించు ద్వారపాలకుడు. సెమఫోరిను వచ్చినచో ప్లెక్సిను అను వేఱొక గ్రాహకమునకును, నాళవర్ధక పదార్థము వచ్చినచో దానికి దగిన గ్రాహకమునకును అప్పగించును. ద్వారపాలకుడే గదా యని తేలికగా జూడరాదు. న్యూరోపిలిను బొత్తిగా లేకుండ జేసిన సుండెలుకలు పుట్టకమునుపే, తంతువులును నాళములును చెదరి, గర్భమునందే నశించును. సెమఫోరినును పట్టు భాగమును మాత్రము చెఱచి, తక్కిన దానిని నిలిపిన యెలుకలలో నాళములు చాలవఱకు సరిగనే యేర్పడి, తంతువులు మాత్రము తప్పుదారి బట్టెనని 2003లో తేలినది. రెండు పనులును ఒకే యణువులో వేర్వేఱు గదులలో జరుగుచున్నవని దీనివలన స్పష్టము.

ఇట్టి గ్రాహకమును పరిశోధింపవలెనన్నచో అది చేతిలో నుండవలయును గదా! మనుష్యుని శరీరమునుండి దానిని దీయుట యెట్లును గాదు. కావున మనుష్యజన్యువులో వెలుపలి భాగమునకు సంబంధించినంత మేర కత్తిరించి, చిట్టెలుక జాతికి జెందిన హామ్‌స్టరు అండాశయ కణములలోనో, ప్రయోగశాలలో పెంచు మనుష్య మూత్రపిండ కణములలోనో ప్రవేశపెట్టుదురు. ఆ కణములు తమ పనితోపాటు ఈ పనియు జేసి, మాంసకృత్తును తాము పెరుగు ద్రవములోనికి విడుచును. సూక్ష్మజీవులచేత నేల చేయింపరాదని యడుగవచ్చును. ఈ మాంసకృత్తు సరిగా ముడిచికొనుటకు గంధకపు బంధములును, పైన చక్కెరల పూతయు వలయును. సాధారణమైన సూక్ష్మజీవి ఆ పూతను బూయలేదు. గొలుసు చివర హిస్టిడినులు ఆఱింటిని తగిలించినచో అవి నికెలు లోహము నంటిపెట్టుకొనును. తక్కిన మలినమును కడిగివేసి, అంటుకొన్న దానిని విడిపించి, చలిలో నెండబెట్టి చిన్న సీసాలలో నింపుదురు. ఆ సీసాలలోని దానిని తూచుట గ్రాములలో గాదు, మైక్రోగ్రాములలో. మాటిమాటికి గడ్డకట్టించి కరిగించినచో పాడగును. దానిని పలకలకు పూసి, యే పదార్థము ఎంత గట్టిగా పట్టుకొనుచున్నదో, ఆ పట్టును విడిపించు మందేదియో పరీక్షింతురు. ఈ విద్య మనకు బొత్తిగా క్రొత్తది గాదు. ఈ విధముగనే చేసిన మానవ ఇన్సులిను 1982నుండి మధుమేహరోగులకు లభించుచున్నది. జన్యుసంయోగమువలన మన దేశమున మొదట తయారైన కామెర్ల టీకా, అనగా హెపటైటిస్ బి టీకా, 1997లో హైదరాబాదునుండియే వెలువడినది.

ఇక తలిదండ్రుల ప్రశ్నకు వత్తము. 1987లో ఫుజిసావా గారిని నిలిపి, “అయ్యా, తోకకప్ప కన్ను ఏమి కూడు పెట్టును?” అని యెవరైన నడిగియున్నచో, ఆయన నిజాయితితో జెప్పగలిగిన జవాబు “తెలియదు” అనునదే. ముప్పది మూడేండ్ల పిమ్మట, 2020లో, కరోనా మహమ్మారి లోకమును దహించుచుండగా, ఆ విషక్రిమి కొమ్ములోని తెగిన కొన న్యూరోపిలినునందలి సరిగా ఆ నాళవర్ధక పదార్థము పట్టుకొను గుంటలోనే యిమిడి, కణప్రవేశమునకు దోహదము జేయుచున్నదని రెండు పరిశోధక బృందములు వెల్లడించెను. ఆ గుంట ఆకృతి యప్పటికే దెలిసియుండుటచేతను, చేతిలో శుద్ధమైన మాంసకృత్తు సిద్ధముగ నుండుటచేతను ఆ పని శీఘ్రముగ సాగినది. కప్ప కన్నును పరిశీలించినవారు ఈ దినమును కలనైన గాంచియుండరు.

అయితే ఈ వాదమును మితిమీఱి సాగదీయుట మాకిష్టము లేదు. తోకకప్పను జూచిన ప్రతివాడును రోగమునకు మందు గనిపెట్టునని మేము చెప్పుట లేదు, పెక్కుమంది కనిపెట్టరు. రక్తహీనతచే పాలిపోయిన పిల్లలున్న దేశములో ధన మిట్టి వానిపై వ్యయపఱుపదగునా యని యడుగువారి మాటను గూడ మేము త్రోసివేయము. ఆ పిల్లలకు ఇనుపమాత్ర లిచ్చుటయే ముందు పని. కాని ఆ పనికి అడ్డుపడుచున్నది శాస్త్రజ్ఞుని కప్ప గాదు. మేము కోరునది స్వల్పము: పదునాలుగేండ్ల బాలుడు నిర్హేతుకముగా ఒక విషయమును దెలియగోరినపుడు, జీతమెంత వచ్చునని వెంటనే యడిగి వాని నోరు మూయింపకుడు.

మఱొక హెచ్చరిక గూడ నవసరము. “నరములను తిరిగి మొలిపించును”, “క్రొత్త రక్తనాళములను పుట్టించును” అను ప్రకటనలతో మందులమ్మువారు మన యూళ్లలో తక్కువ కారు. ఇటువంటి శాస్త్రపదములు వారి చేతికి జిక్కినచో ఇంకను ప్రమాదము. వెన్నుపాము తెగినచోట పుట్టు మచ్చలో సెమఫోరిను చేరి తంతువులను పొమ్మనుచుండుటను శాస్త్రజ్ఞులు గమనించియున్నారు. దానిని అడ్డగించు ప్రయత్నములు సాగుచున్నవి. కాని తెగిన వెన్నుపామును అతుకు మందు ఏ యంగడిలోను లేదు. పరిశోధనశాలలకమ్ము గ్రాహకము సీసాపైన అది పరిశోధనకే గాని చికిత్సకు గాదని వ్రాసియుండును.

నాళముల విషయమున మాత్రము వైద్యము కొంత ముందుకు బోయినది. కంతులు తమ యాహారమునకై క్రొత్త నాళములను రప్పించుకొనుననియు, వానిని నిలిపివేసినచో కంతిని అదుపులో నుంచవచ్చుననియు బోస్టనులోని ఫోక్‌మన్ వైద్యుడు 1971లో చెప్పినపుడు నమ్మినవారు కొలదిమంది. ఆ నాళవర్ధక పదార్థమును బంధించు బెవాసిజుమాబ్ అను మందును 2004లో అమెరికా ప్రభుత్వము పెద్దప్రేగు రాచపుండునకు అంగీకరించినది. మధుమేహమువలన కంటిలోని నేత్రపటలమున అక్రమముగా నాళములు మొలచుట, ఉన్నవి కారుట కూడ ఆ పదార్థము పనియే. దానిని బంధించు మందును కంటిలోనికి సూదిద్వారా యెక్కించి నేడు అనేకుల చూపును కాపాడుచున్నారు. మన యిండ్లలో తాతలకును మామ్మలకును మధుమేహము గలదుగదా. చూపు మందగించువఱకు వేచియుండక యేటేట కంటి పరీక్ష చేయించుట మేలు. విద్యార్థులు ఈ మాటను ఇంటివద్ద జెప్పినచో వారి శరీరశాస్త్ర పాఠము ఆ దినమున ఫలించినట్లే.

ఉపాధ్యాయులకు మా మనవి యొకటి. రెండు ప్రకరణములను వేర్వేఱు మాసములలో జెప్పక తప్పనిచో చెప్పుడు. కాని నడుమ నొక దినమున, పొదిగిన మూడుదినముల కోడిగ్రుడ్డు నొకదానిని తరగతిలో బల్లపై జాగ్రత్తగా తెఱచి, గోరువెచ్చని యుప్పునీటిలో నుంచుడు. పచ్చసొనపై ఎఱ్ఱని నాళములు సాలెగూటివలె వ్యాపించియుండుటయు, నడుమ గుండె చుక్కవలె కొట్టుకొనుటయు వట్టికంటికే కనబడును. తంతువులు కనబడవు. అవి ఆ పిండములోనే, ఆ సమయముననే బయలుదేరుచున్నవని చెప్పి, పిల్లలు ప్రశ్నలడుగువఱకు కొంతసేపు ఊరకుండుడు.