చెవి పరీక్షంటే అంత ఉలుకెందుకు?

మావాడి స్కూల్లో వినికిడి పరీక్ష పెట్టిద్దామంటే తల్లిదండ్రుల్లో సగం మంది అడ్డం పడ్డారు. "చెవుడని పేరు పడితే?" అట! సర్వరుకి నిమిషానికోసారి హెల్త్ చెక్ పెట్టే మనమేనా ఈ మాటనేది?

హెడ్‌ఫోన్ పెట్టి 1000, 2000, 4000 హెర్ట్జ్‌లలో సన్నగా బీప్ వినిపిస్తారు, అంతే. తప్పినంత మాత్రాన చెవుడని కాదండీ. చిన్నపిల్లల్లో చాలాసార్లు జలుబు తర్వాత కర్ణభేరి వెనక చేరిన నీరే కారణం. ఎక్కువమందికి మూడు నెలల్లో దానంతటదే పోతుంది. పోకపోతే డాక్టరున్నాడు.

సర్కారు బడి పిల్లలకి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో వినికిడి లోపం కూడా చూస్తారు, ఉచితంగా. లక్షలు పోసి ప్రైవేటులో చదివించే మన పిల్లలు అందులో లేరు. మరి మనమే అడగాలిగా?

నేనూ తక్కువ తిన్లేదు లెండి. పిలిస్తే పలకట్లేదని, టీవీ సౌండు పెంచుతున్నాడని మావాణ్ణి ఆర్నెల్లు తిట్టాను. బయట పరీక్ష చేయిస్తే తెలిసింది, పాపం వాడికి నా మాటలు సగం వినపడనే లేదు.