ఇంటి కైమా, బజారు బర్గరు

ఈ సంవత్సరము కళాశాల వార్షికోత్సవమునాడు తినుబండారముల అంగడి పెట్టవలెనను మాట వచ్చినప్పుడు మన విద్యార్థులలో ఎక్కువమంది కోరినది బర్గరే. గడ్డకట్టించిన మాంసపు బిళ్లలను పెద్ద పట్టణమునుండి పెట్టెలతో తెప్పించి, నూనెలో వేయించి, బన్నురొట్టెలో పెట్టి అమ్మినచో పని తీరిపోవునని వారి వాదము. మేము దీనికి ఒప్పుకొనలేదు. బర్గరు వద్దని మా పట్టుదల కాదు. దానిని మన ఊరి కైమాతో మన చేతులమీదుగానే చేయవచ్చుననియు, అట్లు చేయుటయే క్షేమమనియు మా అభిప్రాయము.

ముందుగా పేరును గూర్చిన సందేహమొకటి తీర్చవలసియున్నది. ‘హాంబర్గరు’ అని విన్నంతనే అందులో పందిమాంసముండునేమో అని మన ముస్లిం విద్యార్థులు కొందరు వెనుకాడుట మేమెరుగుదుము. ఆంగ్లమున ‘హామ్’ అనగా పందిమాంసమే, నిజమే. కాని ఈ పేరు జర్మనీ దేశమునందలి హాంబర్గు రేవుపట్టణమునుబట్టి వచ్చినదేగాని పందినిబట్టి వచ్చినది కాదు. మెక్డొనాల్డ్స్ సంస్థ 1996 అక్టోబరులో ఢిల్లీలో మన దేశమునందలి తన మొదటి శాలను తెరచినప్పుడు గొడ్డుమాంసము, పందిమాంసము రెండును విడిచిపెట్టియే తెరచినది. తరువాత ఆలుగడ్డ టిక్కీని రొట్టెలో పెట్టి దేశమంతట అమ్మినది. అంతటి సంస్థయే మన వంటింటి దారి పట్టగా, మనము వారి పెట్టెలకొరకు ఎదురుచూచుట వింతగా లేదా?

కైమా మనకు క్రొత్తది కాదు. తురుష్కభాషలో తరుగుట అను అర్థముగల మాట పారసీకము, ఉర్దూల మీదుగా వచ్చి తెలుగున ‘కైమా’ అయినది. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడువరకు మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. అందుచేతనే కాబోలు, మన ఇండ్ల వంటలో కోస్తా రుచికంటె ఆ వైపు రుచియే ఎక్కువ. వానలు తక్కువైన ఈ మెట్టనేలలో గొఱ్ఱెలు, మేకలు మేపువారు ఊరూర గలరు. నెల్లూరు జాతి గొఱ్ఱెకు మన జిల్లాయును పుట్టినిల్లే. శనగయు మన జిల్లా పంటయే. పొట్టేలుమాంసము, శనగపప్పు కలిసినచో షామీ కబాబు. అది గుండ్రముగా, బిళ్లగా ఉండును. దానిని రొట్టెలో పెట్టినచో మన పిల్లలు కోరుచున్న బర్గరే అగును.

రుచిమాట అటుండనిండు, అసలు సంగతి ఆరోగ్యము. మాంసపు తునకకు సూక్ష్మక్రిములు సాధారణముగా పైభాగముననే అంటియుండును. పైన బాగుగా కాలినచో అవి నశించును. అదే తునకను కైమా కొట్టినప్పుడు పైనున్నది లోనికి, లోనున్నది పైకి వచ్చి, కత్తికి, మొద్దుకు, మిషనుకు అంటినదంతయు ముద్దలో కలిసిపోవును. కాబట్టి కైమాబిళ్ల నడిమిభాగము సహితము 71 డిగ్రీల సెంటిగ్రేడు వేడి చూడవలెనని ఆహారశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అమెరికాలో 1992 చివర, 1993 మొదట సరిగా ఉడుకని బర్గర్ల వలన ఏడువందలమందికి పైగా జబ్బుపడిరి. నలుగురు పిల్లలు మరణించిరి. ఇ. కోలై అను క్రిమిలోని ఒక చెడుజాతి దానికి కారణము. అంతటి సంపన్నదేశములో జరిగినది మన బస్టాండు ప్రక్కన జరుగదని ఎవరు పూచీపడగలరు?

మాకును కొంత అనుభవము లేకపోలేదు. క్రిందటి వేసవిలో మేము నలుగురము వేరొక ఊరికి పరీక్షకు వెళ్లి, దారిలో బర్గర్లు తింటిమి. పైన ఎఱ్ఱగా వేగినది. కొరికినచో నడుమ చల్లగా తగిలినది. డబ్బు పోసి కొన్నదిగదా అని పారవేయలేదు. మరునాడు పరీక్షగదిలో ఇద్దరమే కూర్చుంటిమి. మిగిలిన ఇద్దరికి ఒక సంవత్సరము పోయినది. ఆ అంగడి పేరు ఇక్కడ అనవసరము.

ఇప్పుడు మన అవ్వలు చేయు షామీని గమనింపుడు. అమెరికా పద్ధతిలో పచ్చి కైమానే బిళ్లచేసి పెనముమీద వేయుదురు. మనవారు కైమాను శనగపప్పుతోపాటు ముందే మెత్తగా ఉడికించి, నూరి, బిళ్లచేసి, మరల వేయించుదురు. అనగా రెండుమార్లు నిప్పు చూచినది. ఉష్ణమాపకము లేని ఇంటికి ఇంతకంటె భద్రమైన పద్ధతి మాకు కనబడలేదు. బక్రీదునాడు మాంసము మిగిలినప్పుడు పూర్వులు తునకలను తీగకు గ్రుచ్చి ఎండలో ఆరవేసి ఒట్టి తునకలు చేసికొనిరేగాని, కైమాను మాత్రము నిలువ ఉంచలేదు; కొట్టించిన పూటనే వండిరి. మార్కాపురపు మేనెలలో ఎండ నలుబది డిగ్రీలు దాటును. అట్టి వేడిలో గంటసేపు బయటనున్న కైమాను నమ్మరాదు.

విధానము కష్టమైనది కాదు. అరకిలో కైమాకు నూటపాతిక గ్రాముల శనగపప్పు అరగంట నానవేసి, అల్లము, వెల్లుల్లి, ఐదారు ఎండుమిరపకాయలు, దాల్చినచెక్క, లవంగములు, యాలకులు, ఉప్పు చేర్చి, మునుగునంత నీటితో ఉడికింపవలెను. నీరు పూర్తిగా ఇగిరిపోవలెను. మొదటిసారి మేము ఇక్కడనే తప్పితిమి. ఆకలికి ఓపిక పట్టలేక తడిముద్దనే నూరితిమి. బిళ్లలు పెనముమీద విడిపోయి కూరయై కూర్చున్నవి. అన్నములోనికి బాగుగనే ఉండెను, అది వేరు సంగతి. ఆరిన ముద్దను రోటిలోగాని మిక్సీలోగాని నూరి, ఒక గ్రుడ్డు, తరిగిన ఉల్లి, పుదీన, కొత్తిమీర కలిపి, రొట్టె వెడల్పున బిళ్లలు తట్టి, కొంచెము నూనెలో ఇరువైపుల వేయించవలెను. కైమా చింతమొద్దుమీద మన కన్నులయెదుట కొట్టించుకొనుట మేలు. ముందే కొట్టిపెట్టినది కొనవలదు. మయొనైజుకు బదులు పుదీన కలిపిన గట్టిపెరుగు చాలును. పచ్చిగ్రుడ్డుతో చేసిన మయొనైజును తెలంగాణ ప్రభుత్వము 2024 అక్టోబరు 30న ఒక సంవత్సరముపాటు నిషేధించిన సంగతి పాఠకులెరిగినదే.

ఇంకొక మాట. ఈ ప్రతిపాదన విన్న వెంటనే ఒక మిత్రుడు “అయితే ఆడపిల్లలకు చెప్పుదము” అనెను. కైమా కొట్టువాడు మగవాడు, పెండ్లివిందులో డేగిశాయొద్ద నిలుచు బావర్చీ మగవాడు, హోటలులో పెనముముందు నిలుచువాడును మగవాడే. కూలి దొరకునప్పుడు లేని నామోషీ కళాశాలలో ఎక్కడినుండి వచ్చినదో మాకు తెలియదు. హాస్టలులో నుండు మగపిల్లలే ముందుగా నేర్వవలసినవారు. బయటితిండికి డబ్బు తగలేయువారు వారేగదా.

కావున కళాశాల సంఘమువారికి మా విన్నపము. వార్షికోత్సవమునాటి అంగడికి బయటి బిళ్లలు తెప్పింపవలదు. ముందురోజు సాయంత్రము పప్పు, మసాలాలు సిద్ధపరచుకొని, ఉత్సవమునాటి ఉదయమే కైమా కొట్టించి వండెదము. మాంసము తినని మిత్రులకు ఆలుగడ్డ, శనగపప్పుల బిళ్లలు వేరు పెనముమీద, వేరు గరిటెతో వేయుదుము. రెండు అంగళ్లు కాక ఒకే అంగడిలో ఇరువైపుల నిలుతుము. సరకుల వ్యయము విద్యార్థులమే చందాలు వేసికొందుము, లెక్క మరునాడే ఒప్పగింతుము. రెండు పెద్ద పెనములు, ఒక గ్యాసుపొయ్యి, చేతులు కడుగుకొనుటకు సబ్బు, ధారాళముగా నీరు మాత్రము కళాశాల ఇప్పింపవలెను.