"పర్వాలేదులే" అనే మాట ఇంక చాలు



మా సోమందేపల్లె మండలం తండా పిల్లోడు, హాస్టల్లో నాకు తమ్ముడు, జిల్లా చెస్ పోటీలో రేటింగ్ ఉన్న అబ్బాయిని ఓడించేదాకా వచ్చి ఓడిపోయినాడు. అందరూ ఒకటే మాట: "పర్వాలేదులే, అంతదాకా పోవడమే గొప్ప."

నా కోపం ఆ మాట మీదే.

జరిగింది ఇది. చివర్లో మావోడికి ఒక ఏనుగు ఎక్కువ. అవతల రాజు, రెండు బంట్లు, అంతే. కానీ ఎత్తు వేసి గడియారం నొక్కడం మరిచినాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. టైం అయిపోయింది, ఆట పోయింది. ఎందుకంటే వాడు చెస్ క్లాక్ ముట్టుకున్నదే ఆ పొద్దు. మా హాస్టల్లో ఉండేది ఒకటే బోర్డు. పోయిన గుర్రం బదులు సీసా మూత పెట్టి ఆడతాం.

"మనోళ్లకు ఒత్తిడి తట్టుకునే ధైర్యం లేదు" అని ఒక సీనియర్ అన్నాడు. అన్నా, 2022 చెన్నై ఒలింపియాడ్ గుర్తు చేసుకో. చెన్నైలో పుట్టిన తెలుగింటి పిల్లోడు గుకేశ్‌కు అప్పుడు 16 ఏళ్లు. మొదటి 8 ఆటలూ గెలిచినాడు. పదో రౌండులో ఎదురు కూర్చున్నది అప్పటి ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్, ఉజ్బెకిస్తాన్ అబ్దుసత్తోరోవ్. గెలిచే ఆటను టైం తక్కువై చేజార్చుకున్నాడు. బంగారం ఉజ్బెకిస్తాన్‌కు పోయింది, గుకేశ్ జట్టుకు కంచు వచ్చింది. అది ధైర్యం లేకనా? 2024 డిసెంబర్ 12న, 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయినాడు కదా!

గుకేశ్ కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. వాళ్ల నాన్న ఈఎన్‌టీ డాక్టర్. ప్రాక్టీస్ పక్కనపెట్టి కొడుకు వెంట పోటీలకు తిరిగినాడు. డబ్బుకు ఇబ్బందైతే స్నేహితులు ఆదుకున్నారు. మావోడి నాన్న శెనక్కాయ ఎండిపోతే బెంగళూరుకు బేల్దారి పనికి పోతాడు. ఆయన పని పక్కనపెడితే ఆ రాత్రి పొయ్యి వెలగదు.

ఓటమి ఇద్దరికీ ఒకటే. ఓడిన తర్వాత ఆడనీకి గుకేశ్‌కు ఇంకో పోటీ ఉన్నింది. మావోడికి అదే మొదటిది, అదే చివరిది అయ్యేట్టుంది.

"అన్నమే సరిగా లేని చోట చెస్ ఏంది?" అనేవాళ్లూ ఉన్నారు. అన్నమూ అడుగుదాం, గడియారమూ అడుగుదాం. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలని ఎవరు చెప్పినారు?

ఈ నెల హాస్టల్ మీటింగులో అర్జీ పెడుతున్నా. రెండు బోర్డులు, ఒక చెస్ క్లాక్, ఏడాదికి మూడు పోటీలకు ఎంట్రీ ఫీజు, బస్సు చార్జీ. ఇంతే. మీ మీ హాస్టళ్లలో కూడా ఇట్లే రాసి, సంతకాలు చేయించి ఇవ్వండి. అవి వచ్చేదాకా నా ఫోన్లో క్లాక్ యాప్ పెట్టి రోజూ రాత్రి మావోడితో ఆడుతున్నా. ఎత్తు వెయ్యి, నొక్కు. నిన్న ఒక్కసారి కూడా మరవలేదు.

ఇంకెవరూ వాడికి "పర్వాలేదులే" అని చెప్పొద్దు. "మళ్లీ పోటీ ఎప్పుడు?" అని అడగండి.

జై సేవాలాల్. జై ఆదివాసీ.