వీధి తలుపు రంగు ఎవరి ఇష్టం?

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. బాగానే ఉంది. ఇంటికొచ్చిన వాళ్ళు మొట్టమొదట చూసేది వీధి తలుపునే కదా! మరి ఆ తలుపుకి ఏ రంగు వెయ్యాలన్నది ఎన్ని ఇళ్ళల్లో ఇల్లాలు చెబుతోంది? మీ ఇంట్లో ఎవరు చెప్పారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. అయితే ఇంటాయన, లేకపోతే సిద్ధాంతిగారు, ఆఖరికి రంగులేసే మేస్త్రి. ‘డబ్బాలో సగం మిగిలిపోయిందండీ, దీనికీ అదే కొట్టేద్దామండీ’ అన్న మేస్త్రి మాటతో ఎన్ని తలుపులు చాక్లెట్ రంగులోకి దిగిపోయాయో!

మా కాట్రేనికోనలో శుక్రవారం పొద్దున్నే ఏ వీధిలోకి వెళ్ళినా ఒకటే దృశ్యం. గుమ్మం ముందు కళ్ళాపి, ముగ్గు, పసుపు రాసిన గడప, దానిమీద కుంకుమ బొట్లు. ఇవన్నీ ఆడవాళ్ళ చేతి పనే. పండగొస్తే మామిడాకులు గుచ్చేదీ, తలుపుమీద పేరుకున్న దుమ్ము తుడిచేదీ మనమే. అంటే గడప మనది, తలుపు మాత్రం వాళ్ళదన్నమాట! దక్షిణాఫ్రికాలో ఎండెబెలె జాతి స్త్రీలు ఇంటి గోడల మీద తామే రంగులతో బొమ్మలు వేస్తారు. తల్లి దగ్గర కూతురు నేర్చుకునే విద్య అది. వాళ్ళలో ఎస్తర్ మహ్లాంగు అనే ఆవిడ 1991లో ఒక బీఎండబ్ల్యూ కారుకే ఆ రంగులు వేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. రోజూ ముగ్గు పెట్టే మన చేతికి రంగు ఎంచడం రాదని ఎవరన్నారు?

‘అబ్బ, రంగేగా! దానికింత చర్చ ఎందుకు?’ అంటారు. నేనూ అదే అంటున్నాను. అంత చిన్న విషయమైతే మాకు వదిలెయ్యడానికి కష్టమేముంది?

అసలు సంగతి ఏమిటంటే, ఇల్లు ఆడదాని పేర ఉండటం వేరు, ఇంట్లో ఆడదాని మాట ఉండటం వేరు. 2020 డిసెంబరు 25న అప్పటి తూర్పుగోదావరి జిల్లా కొమరగిరిలో ప్రారంభించిన ఇళ్ళ పథకంలో లక్షల మంది ఆడవాళ్ళ పేర స్థలాల పట్టాలు ఇచ్చారు. అంతకుముందే, 1986లో, మన రాష్ట్రం ఆస్తిలో ఆడపిల్లకి వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. కాగితం మీద ఇల్లు మనదయింది, సంతోషమే. కానీ సంతకానికి పనికొచ్చిన చెయ్యి షేడు కార్డు మీద ఒక రంగు చూపించడానికి పనికిరాదా?

మా వీధిలో ఒక పిన్నిగారున్నారు. టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. బాబాయిగారు పోయి నాలుగేళ్ళయింది. పోయిన సంక్రాంతి ముందు ఇంటికి రంగులు వేయిస్తూ వీధి తలుపుకి చిలకపచ్చ వేయించారు. అంతే, వీధంతా ఒకటే గుసగుసలు. ‘మగదిక్కు లేని కొంపకి అంత సోకేమిటమ్మా?’ అన్నది ఒకావిడ. ఇంకొకావిడ పైకి ఏమీ అనకుండా మూతి తిప్పింది. భర్త పోయిన రోజున ఆవిడ చీరల్లోంచి రంగులు తీసేశాం. పేరంటాల పిలుపుల్లోంచి పేరు తీసేశాం. ఆఖరికి తలుపు రంగు మీద కూడా మన పెత్తనమేనా? పిన్నిగారు మాత్రం ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. ‘రోజూ తలుపు తీసేదీ వేసేదీ నేనేనే. నా కంటికి చల్లగా ఉంటే చాలదూ?’ అన్నారు నాతో. అంతకంటే గట్టి కారణం ఇంకేం కావాలి చెప్పండి?

ఇక శాస్త్రం సంగతి. ఈ దిక్కు గుమ్మానికి ఈ రంగే వెయ్యాలని ఒకరంటారు, కాదు కూడదని ఇంకొకరంటారు. నమ్మకం ఉన్నవాళ్ళు నమ్మండి, కాదనను. ఆ మాట చెప్పించుకునేటప్పుడు మీరూ పక్కనే కూర్చుని, ‘వీటిలో నాకు నచ్చినది ఇది’ అని అడగండి. ఇంకో కొత్త బెడద కూడా వచ్చిపడింది. పసుపు వేస్తే ఒక పార్టీ, నీలం వేస్తే ఇంకో పార్టీ! పంచాయతీ భవనాలకి పార్టీ రంగులు తగవని హైకోర్టు చెప్పింది, 2020 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా అదే మాట ఖాయం చేసింది. సర్కారు గోడల గొడవ అలా తేలింది గానీ, మన ఇంటి తలుపుకి పార్టీ ఎందుకు? నెమలికంఠం రంగు ఇష్టమైతే నిర్భయంగా వేసుకోండి. అది నెమలిది, ఏ నాయకుడిదీ కాదు.

ఇష్టంతో పాటు కాస్త ఇంగితం కూడా కావాలి. ఒకవైపు గౌతమి, ఇంకోవైపు సముద్రం ఉన్న ఊళ్ళు మావి. ఉప్పుగాలికి బందులూ గొళ్ళేలూ తుప్పు పడతాయి. వానాకాలం చెక్క ఉబ్బి తలుపు పట్టేస్తుంది. 1996 నవంబరు 6 రాత్రి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసిన తుఫానుని చూసిన వాళ్ళం. తలుపంటే మాకు సింగారం ఒక్కటే కాదు, గాలికీ వానకీ అడ్డం నిలిచేది కూడా. అందుకని మేస్త్రి తలుపుకి ముందూ వెనకా రంగేసి వెళ్ళిపోతానంటే ఒప్పుకోకండి. పై అంచుకీ కింద అంచుకీ కూడా వెయ్యమనండి. కంటికి కనిపించని ఆ అంచుల్లోంచే చెమ్మ చెక్కలోకి ఎక్కుతుంది. పడమటి ఎండ పడే తలుపుకి మరీ ముదురు రంగైతే వేడి లాగి తొందరగా బీటలిస్తుంది. చేతి మరకలు పడే తలుపుకి మెరుపున్న ఎనామిలైతే తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. కొట్లో ట్యూబులైటు కింద చూసిన రంగు ఇంటిదగ్గర అలా ఉండదు. చిన్న చెక్కముక్కకి రెండు చేతులు వేయించి, గుమ్మం దగ్గర ఆనించి పొద్దున్నా మధ్యాహ్నం సాయంత్రం చూసుకున్నాకే డబ్బా కొనండి.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటుంది. పాతకాలం ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా నిగనిగలాడే పసుపు, ఎరుపు, ఆకుపచ్చల్లో సీసం కలిసేది. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల భాగాల్లో 90కి మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అయితే అంతకుముందు వేసిన రంగు మీ పాత తలుపు మీద అలాగే ఉంటుంది. దాన్ని పొడిగా గీకితే రేగే దుమ్ము పసిపిల్లల మెదడుకీ, కడుపులో బిడ్డకీ చేటు. రంగు గీకేది మేస్త్రి అయినా, ఆ దుమ్ము ఊడ్చేది ఎవరు? మనమే కదా! అందుకని పాత రంగు మండించనివ్వకండి. తడిపి ఉప్పుకాగితం రుద్దమనండి. కింద పట్టా పరిపించండి. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిచెయ్యండి. గర్భిణులూ పిల్లలూ ఆ పూట పక్కింట్లో ఉంటే మరీ మంచిది. కొత్త డబ్బామీద సీసం గురించి ఏం రాశారో చదివి మరీ కొనండి.

ఊడ్చే కష్టం మనది, తుడిచే కష్టం మనది, దుమ్ము పీల్చే ముక్కూ మనదే. అలాంటప్పుడు రంగు చెప్పే నోరు కూడా మనదే కావడం న్యాయం కాదా? ఇందుకోసం ఇంట్లో యుద్ధాలు చెయ్యనక్కర్లేదు. ఈసారి రంగుల మాట రాగానే షేడు కార్డు ముందు మీ చేతిలోకి తీసుకోండి చాలు. అన్నట్టు, మీరు ఎంచే ముందు ఆ కార్డు మీ అత్తగారికో అమ్మకో ఒకసారి చూపించండి. నలభై యాభై ఏళ్ళుగా ఆ గడపకి పసుపు రాస్తున్నా, తలుపుకి ఏ రంగంటే ఇష్టమని ఆవిణ్ణి ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరు.