నిండుచూలాలు, నడివేసవి

గడచిన వైశాఖమున పొరుగింటి కోడలితో గూడి మేమొక చిన్న హాస్యచిత్రమును చూచితిమి. అందు నిండుచూలాలగు నొక యిల్లాలు ఎండకు తాళలేక ఫ్రిజ్జు తలుపు తీసి, లోపల తల దూర్చి నిలుచుండును. కూరగాయలకై వచ్చిన భర్త తెల్లబోవును. మేము కడుపుబ్బ నవ్వితిమి. ఎనిమిదవ నెల గర్భిణియగు నా పిల్లయు నవ్వెను.

మరునాటి మధ్యాహ్నము ఆమెయే పొయ్యి యొద్ద తల తిరిగి గోడకు చేరగిలబడెను. "మేము కనలేదా? ఇంత సుకుమారమా?" యని యత్తగా రనిరి. మా నవ్వు చల్లారినది.

విశాఖపట్టణమునకు సముద్రము కలదుగదా, మీకేమి కొదువ యని పైయూరివారందురు. కాని యిచ్చట ఎండకంటె నుక్కయే బాధించును. చెమట యారినప్పుడే గదా దేహము చల్లబడును! తేమతో నిండిన సముద్రపుగాలిలో చెమట కారునే కాని త్వరగా నారదు. కావున ఉష్ణమాపకము 35 డిగ్రీలే చూపినను దేహమున కంతకంటె నెక్కువగా తోచును. గర్భిణికి రక్తము దాదాపు సగమువంతు పెరుగును. గుండెకు పని హెచ్చును. శిశువు వేడిని సైతము తల్లి దేహమే వెలికి పంపవలెను. ఇది సుకుమారము కాదు, శరీరధర్మము. 2015 మే నెలలో వడగాడ్పులు మన రాష్ట్రమున వేయిమందికి పైగా బలిగొన్న సంగతి మరువరాదు.

చూలాలిని మధ్యాహ్నము పొయ్యికి దూరముగా నుంచుడు. వంట ప్రొద్దుటి చల్లవేళనే ముగించుడు. లేదా మగవారే గరిటె పట్టుదురు గాక! దాహము వేయకమునుపే మంచినీరు, మజ్జిగ యిచ్చుచుండుడు. తల్లి చన్నీళ్లు త్రాగిన కడుపులోని బిడ్డకు జలుబు చేయునను మాట వట్టిది. తడిగుడ్డతో మెడ, చేతులు తుడిచి, పంకా క్రింద నెడమప్రక్కకు పరుండనిండు. తల తిరుగుట తగ్గకున్నను, జ్వరము, తీవ్రమైన తలనొప్పి, కడుపునొప్పి కలిగినను, బిడ్డ కదలిక తగ్గినను జాగు చేయక 108కి ఫోను చేయుడు.

ఆనాటి సాయంకాలము మేము మెల్లగా మాట కలుపగా, అత్తగారు తమకును తొలిచూలున నట్లే కన్నులు చీకట్లు క్రమ్మినవనియు, అప్పుడు "ఏమమ్మా" యని యడిగినవారు లేరనియు చెప్పి కన్నీరు పెట్టుకొనిరి. మరునాటినుండి మధ్యాహ్నపు వంట వారిదే.

ఆషాఢమున నా పిల్లకు పండువంటి కూతురు పుట్టినది. సోదరీమణులారా, హాస్యచిత్రమును చూచి నవ్వుడు. కాని ముందుగా ప్రక్కనున్న చూలాలికి మజ్జిగ యందించి, ఆ పిమ్మట నవ్వుడు.