వాంతులు తగ్గాయి, వికారం తగ్గలేదు

కీమో ఎక్కించుకుని ఇంటికొచ్చిన మనిషికి మొదటి రోజు చాలాసార్లు తేలిగ్గానే గడిచిపోతుంది. ఆసుపత్రిలో ఇచ్చిన వాంతుల ఇంజెక్షన్ ఇంకా పనిచేస్తూ ఉంటుంది. రెండో రోజో మూడో రోజో అసలు బాధ మొదలవుతుంది. పోపు వాసనకే కడుపులో తిప్పుతుంది. నోరంతా చేదు. అన్నం ముద్ద గొంతు దిగదు. వాంతి అవదు, అలాగని వికారం వదలదు. తర్వాతి సైకిల్‌కి వెళ్లినప్పుడు "వాంతులయ్యాయా?" అని అడుగుతారు. "లేదు సార్" అంటారు. ఆ నాలుగు రోజులు ఎలా గడిచాయో కేసు షీట్‌లోకి ఎక్కదు.

కీమో తీసుకుంటున్నవారిని 1983లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ పరిశోధకులు ఏ బాధ ఎక్కువని అడిగారు. రోగులు మొదట వాంతులను, ఆ వెంటనే వికారాన్ని చెప్పారు. జుట్టు రాలడం కూడా వాటి తర్వాతే. అప్పట్లో సిస్‌ప్లాటిన్ లాంటి మందు ఎక్కిస్తే, ముందుజాగ్రత్త మందులు లేకపోతే, నూటికి తొంభై మందికి పైగా వాంతులయ్యేవి. కీమో మందు తగిలినప్పుడు పేగు గోడలోని కణాలు సెరొటోనిన్‌ను వదులుతాయి. వేగస్ నాడి ఆ కబురును మెదడుకు చేరవేస్తుంది. ఆ దారిని అడ్డుకునే ఆండాన్‌సెట్రాన్‌కు 1991లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2003లో అప్రెపిటాంట్ తోడైంది. వాంతులు చాలావరకు అదుపులోకి వచ్చాయి. వికారం మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు.

వైద్యులకు ఇది కనిపించకపోవడానికి కారణం ఉంది. ఆరు దేశాల్లో చేసి 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మొదటి 24 గంటల తర్వాత వచ్చే వికారాన్ని, వాంతులను డాక్టర్లు, నర్సుల్లో మూడొంతులకు పైగా తక్కువగా అంచనా వేశారని తేలింది. ఆ బాధ ముదిరే సమయానికి రోగి ఇంట్లో ఉంటాడు, డాక్టరు ఆసుపత్రిలో ఉంటారు.

ఈ బాధ ఆడవాళ్లకు ఎక్కువ. వయసు తక్కువైనవారికి, బస్సు ప్రయాణం పడనివారికి, కడుపుతో ఉన్నప్పుడు వేవిళ్లతో అల్లాడినవారికి కూడా ముప్పు ఎక్కువే. రొమ్ము క్యాన్సర్‌కు తరచూ వాడే డోక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ జంట వాంతులు బాగా తెప్పించే మందుల జాబితాలో ఉంది. మన ఇళ్లలో ఈ మందులు ఎక్కించుకున్న మనిషే చాలాసార్లు పొయ్యి ముందు నిలబడాలి. ఏ వాసనకు కడుపు తిప్పుతోందో ఆ వాసనలోనే ఇంటిల్లిపాదికీ వండాలి, తాను మాత్రం తినలేదు. బరువు తగ్గుతుంది, నీరసం పెరుగుతుంది. కొందరికి తర్వాతి కీమో తేదీ దగ్గరపడుతుంటేనే, ఆసుపత్రి వాసన తగలగానే, మందు ఎక్కకముందే డోకు వస్తుంది. చికిత్స మధ్యలో ఆపేద్దామన్న ఆలోచన ఇక్కడే పుడుతుంది. దీన్ని ఓర్చుకోవాల్సిన చిన్న ఇబ్బందిగా కొట్టిపారేయడం అన్యాయం.

చేతిలో మందు లేక కాదు. మానసిక సమస్యలకు ఎప్పటినుంచో వాడుతున్న ఒలాంజపిన్ వికారం మీద బాగా పనిచేస్తుందని 2016లో 380 మంది మీద జరిగిన అమెరికా పరీక్ష చూపింది. ఆ మాత్ర వేసుకున్నవారిలో 74 శాతం మందికి మొదటి రోజు వికారమే లేదు. వేసుకోనివారిలో అలా ఉన్నది 45 శాతమే. చిక్కల్లా మత్తుతోనే. ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు 10 మిల్లీగ్రాములకు బదులు 2.5 ఇచ్చి చూశారు. 2024లో ఫలితాలు వచ్చాయి. వాంతుల అదుపు దాదాపు సమానం. మొదటి రోజు తీవ్రమైన మత్తు మాత్రం 40 శాతం నుంచి 5 శాతానికి పడిపోయింది. కీమో ఎక్కించుకుని బస్సులో ఊరికి తిరిగి వెళ్లేవారికి ఈ తేడా ఎంతో పెద్దది. ఇది డాక్టరు రాస్తేనే వాడాల్సిన మందు. "పిచ్చికి వాడే మాత్ర ఎందుకిచ్చారు?" అని ఇంట్లోవాళ్లు భయపడకుండా రాసేటప్పుడే విడమరచి చెప్పాలి.

హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి ఎక్కడెక్కడి జిల్లాల నుంచో రోగులు వస్తారు. మూడో రోజున మళ్లీ అంత దూరం వచ్చి వికారమని చెప్పడం వాళ్లవల్ల కాదు. కీమో ఇచ్చే ప్రతి ఆసుపత్రీ ఆ రోజున నర్సుతో ఒక ఫోన్ చేయించాలి. ఏం తిన్నారు, ఎన్నిసార్లు తిప్పింది, నిద్ర పట్టిందా అని అడగాలి. రోగులు, ఇంట్లోవాళ్లు కూడా రోజువారీ ఒక కాగితం మీద రాసిపెట్టుకోవాలి. తర్వాతి సైకిల్‌కి ముందు అడిగినా అడగకపోయినా ఆ కాగితం డాక్టరు ముందు పెట్టండి, మందు మార్చమని అడగండి.